సముద్రాన్ని రెండుసార్లు అడిగిన మనిషి

మా వియ్యంకులవారు ఈ లోకం విడిచి నెల గడిచింది. నిన్న వారి ఇంట మాసికం జరిగింది. మా అల్లుడు దక్షిణ ముఖంగా కూర్చుని, దర్భ ఉంగరం వేలికి తొడుక్కుని, పురోహితుడు చెబుతుండగా నువ్వులు కలిపిన నీటిని బొటనవేలి పక్కనుంచి పళ్లెంలోకి వదిలాడు. వెళ్లిపోయినవారికి మన చేతినుంచి అందవలసింది నీరే అని పెద్దలు ఏనాడో నిర్ణయించారు. వేదం నీళ్లను అమ్మలని పిలిచింది. ఆ తల్లుల చేతికిచ్చి పంపినది ఎంత దూరమైనా చేరుతుందన్న నమ్మకం ఈ క్రియకు ప్రాణం. నల్లని నువ్వుగింజ ఒకటి నీటి మీద తేలుతూ గిరగిర తిరుగుతుంటే నేను మంత్రం వినడం మరిచి దానినే చూస్తూ ఉండిపోయాను. జీవితమంతా నీటిలో ఒక రంగు బొట్టు వేసి, అది ఏమి చెబుతుందోనని కాచుకుని కూర్చున్న మనిషికి, నీటిలోనే నాలుగు గింజలు వేసి వీడ్కోలు చెబుతున్నాం. ఆయన చూసి ఉంటే తప్పక నవ్వేవారు. “గింజలన్నీ ఒక్కపాలే పోసీసేరేటి? కొన్ని ఏసి సూసి, మళ్ళీ కొన్ని ఎయ్యాల గానీ” అని కూడా అనేవారు. ఆ మాట ఎందుకనేవారో చెప్పడానికే ఈ స్మృతి.

కబురు తెలిసిన ఉదయం నేను కూర్మన్నపాలెంలోని మా ఇంట్లో పారాయణ ముగించి గ్రంథం మూసి పెడుతున్నాను. మా అమ్మాయి ఫోను చేసింది. “నాన్నా” అని ఆగింది. వారి ఇంట్లో ఆ వేళకు వినిపించే మిక్సీ చప్పుడు లేదు, టీవీ చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం వల్లనే నాకు సగం తెలిసిపోయింది. “మామయ్యగారు నిద్రలోనే వెళ్లిపోయారు నాన్నా. కాఫీ పట్టుకెళ్లి లేపితే…” అంది.

వారు సబ్బవరం దగ్గర పల్లెలో, సాగు చేసుకునే కుటుంబంలో పుట్టారు. నేను గోదావరి జిల్లావాణ్ణి. ఉక్కు కర్మాగారం లేస్తున్న రోజుల్లో ఇక్కడికి వచ్చి, కార్మికుల పిల్లలకు తెలుగు చెప్పి, ఇక్కడే తల నెరిసినవాణ్ణి. ఆయన మొదట గణితం చదివారు. తరువాత కాంతిశాస్త్రంలో పరిశోధన చేశారు. చివరకు సముద్రజల రసాయనం దగ్గర స్థిరపడి, విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, పదవీ విరమణ తరువాత కూడా ప్రయోగశాలను వదలలేదు. మూడు శాస్త్రాలు ఎందుకండీ అని ఒకసారి అడిగాను. “ఏటి బావగారూ, మీరు పద్యం కోసమని యాకరణం, ఛందస్సు, అలంకారం మూడూ సదవలేదేటి? నాకూ అంతే. నీరు నా పద్యం. ఎలుతురు యాకరణం. లెక్క ఛందస్సు” అన్నారు. సభలలో ఆయన ఇంగ్లీషు ప్రసంగం పండితులు మెచ్చేది. ఇంట్లోనూ ప్రయోగశాలలోనూ మాత్రం తన ఊరి మాటే మాట్లాడేవారు. మాట మారిస్తే ఆలోచన కూడా మారిపోతుందని ఆయన భయం.

మా పరిచయం ఒక పద్యంతో మొదలైంది. తాంబూలాలు పుచ్చుకున్న రోజున, నా అలవాటు ప్రకారం, స్వయంగా కట్టిన సీసపద్యం ఒకటి చదివాను. వరుని తండ్రి హృదయం సముద్రం వంటిదని, ఎన్ని నదులు వచ్చి కలిసినా పొంగదని, ఎన్ని మేఘాలు తోడుకున్నా తరగదని, యుగాలు గడిచినా దాని గుణం మారదని అందులో భావం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన అందరూ ఆపిన తరువాత కూడా కొట్టారు. భోజనాల దగ్గర నా పక్క విస్తరికి చేరి, పులిహోర కలుపుకుంటూ, ఎంతో మర్యాదగా మాట కదిపారు.

“బావగారూ, పద్యం బెమ్మాండం. ఒక్క మాట అడగొచ్చా?”

“నిక్షేపంలా అడగండి.”

“సముద్రం గునం మారదన్నారు గదా. అది ఎవులైనా కొలిసేరా, పెద్దలు సెప్పేరా?”

పెద్దలు చెప్పినదే అన్నాను.

“మరైతే పెద్దల కాలానికది నిజిమే. ఇప్పుడు మారతంది బావగారూ. మనం ఒదిలిన పొగలో కొంత అదే మింగతంది. మింగి, పులుస్తంది. నాను కొలుస్తన్నాను.” అని, నా ముఖం చిన్నబోయిందేమోనని తొంగి చూసి, “ఏటీ అనుకోకండి. ఆ పద్యం ఇంకోపాలి సదవండి. ‘తరగదు’ అన్న కాడ గొంతు బాగా పలికింది” అన్నారు.

విస్తరి ముందు కూర్చునే మళ్లీ చదివాను. ఇంటికి వెళ్లే దారిలో మా ఆవిడ, “తాంబూలాల నాడే వియ్యంకుడి చేత పద్యం దిద్దించుకున్న ఆడపిల్ల తండ్రి మీరొక్కరే” అని ఒకటే నవ్వు.

పిల్లల పెళ్లి తరువాత ఆదివారాలు వారి ఇంట్లో గడపడం నాకు అలవాటైంది. పెదవాల్తేరులో వారి ఇంటి మేడ మీదనుంచి సముద్రం కనిపిస్తుంది. రేవులోకి పిలుపు కోసం లంగరు వేసుకున్న ఓడలు వరుసగా నిలబడి ఉంటాయి. వాటిని చూస్తూ ఆయన తన పని నాకు బోధపరిచారు. గాజు పెట్టెలో సముద్రపు నీరు పోసి అందులో ఒక రంగు బొట్టు వేస్తారు. నీరు నేరేడుపండు ఛాయకు తిరుగుతుంది. నీటిలో పులుపు పెరిగిన కొద్దీ ఆ ఛాయ పసుపు వైపు మొగ్గుతుంది. ఆ మొగ్గు మన కంటికి అందేది కాదు. అందుచేత రెండు వన్నెల వెలుతురును ఆ నీటిగుండా పంపి, నీరు ఏ వన్నెను ఎంత మింగిందో చూసి, ఆ రెండింటి నిష్పత్తితో పులుపును లెక్కగడతారు. ఏళ్ల తరబడి ఇలా దొరికిన అంకెలను సమీకరణాలలో అల్లి, మన తీరంలోని నీరు మన మనవల కాలానికి ఎలా ఉంటుందో ముందుగా చెప్పే గణితరూపాన్ని నిర్మించడం ఆయన జీవితకార్యం.

“ఇందులో ఒక సిక్కుంది బావగారూ” అన్నారు ఒకనాడు. “ఆ రంగుకి దాని పులుపు దానికుంతాది. ఏసేమంటే నీరు కొంచెం మారిపోతాది. అంటే మనం అడిగేం గనకే అది మారింది. మరి అడక్కముందు ఎలాగుందో ఎలాగ తెలస్తాది?”

ఆయన నా ఎదురుగా ఉన్న కాఫీ గ్లాసులో ఒక చెంచా పంచదార వేసి, తానే తాగి చూశారు. మరొక చెంచా వేసి మళ్లీ తాగారు.

“మొదటి సెంచాకీ రెండో సెంచాకీ రుసి ఎంత మారిందో తెలిసింది గదా. అంత మేర ఎనక్కి ఎల్లిపోతే, పంచదార ఎయ్యకముందు రుసి దొరికీసినట్టే. నీటికీ అంతే. ఒక బొట్టేసి అడగాల. ఇంకో బొట్టేసి మళ్ళీ అడగాల. రెండు జవాబులకీ ఉన్న తేడా తీసుకుని ఎనక్కి నడిస్తే, బొట్టెయ్యని నీరు కనబడతాది.”

వంటింట్లోంచి మా చెల్లెమ్మగారు, అంటే వారి శ్రీమతి, అందుకున్నారు. “కనబడ్డాది సాలు గానీ, అన్నయ్యగారి కాఫీ మీరు తాగీసేరు. సుగరున్న మనిసికి రెండు సెంచాలు లోపలికెల్లిపోయేయి. ఇదేటి లెక్కండీ, ఇలగ?”

“సూసేరా” అని నాతో రహస్యంగా అన్నారు, “పరిశోదనకి ఎప్పుడూ ఇంటోల్లే ఆటంకం.”

ఆ రెండవ బొట్టు ఆయనకు ప్రయోగశాలలో ఆగిపోలేదు. మనుషులను కూడా ఆయన ఏ సంగతైనా రెండుసార్లు అడిగేవారు. మా అమ్మాయి కొత్తకోడలిగా ఉన్నప్పుడు అచ్యుతాపురంలో ఒక మందుల కర్మాగారంలో పని చేసేది; తెల్లవారుతూనే బస్సు. “ఎలాగున్నావమ్మా?” అని ఆయన అడిగితే “బాగున్నాను మామయ్యగారూ” అనేది. ఆయన ఓడల గురించో, ధరల గురించో కాసేపు మాట్లాడి, ఏమీ ఎరగనట్టు మళ్లీ “ఎలాగున్నావమ్మా?” అనేవారు. ఒకనాడు అలా రెండవసారి అడిగితే అది “బాగానే ఉన్నాను మామయ్యగారూ, కాస్త నిద్ర చాలడం లేదు” అంది. మర్నాటి నుంచి ఆయన అందరికంటే ముందు లేచి పాలు కాచి, దాని డబ్బాలో తానే ఉప్మా సర్దడం మొదలుపెట్టారు. నాకు సంగతి తెలిసి, ఆయన చేతులు పట్టుకున్నాను.

“అడిగితే మనిసి మారిపోతాది బావగారూ” అన్నారు. “మాంగారు అడిగితే కోడలు బాగున్నాననే అంటాది. ఆ బాగు దాని బాగు కాదు, నా బొట్టు పులుపు. రెండోపాలి అడిగితే గానీ నా పులుపు తీసీడానికవదు.”

నేను ఎన్నో శాస్త్రగ్రంథాలు తిరగేశాను. వినయానికి ఇంత చక్కని నిర్వచనం మరెక్కడా దొరకలేదు.

ఆయన చివరి శిష్యురాలు చేపలవేట చేసే ఇంటి అమ్మాయి. తండ్రికి చేపలరేవులో ఒక పడవ ఉంది. ఆ పడవ మీదనే ఆమె నెలనెలా ఒకే చోటికి వెళ్లి, నీరు పట్టి, అక్కడికక్కడే కొలిచి, కొంత సీసాలలో తెచ్చేది. అక్కడ దొరికిన అంకెలే ఆమె సిద్ధాంతగ్రంథానికి ఆధారం. ఒకసారి నేనూ రేవు దాకా వెళ్లాను. ఐసు పెట్టెలు, తడి తాళ్లు, ఎండుచేపల వాసన మధ్య ఆ అమ్మాయి గాజు సీసాలను పసిపిల్లల్లా పొదివి పట్టుకుని దిగుతోంది. పక్క పడవ ఆసామి ఊరుకోలేదు.

“ఏటి బావా, నీ కూతురు సముద్రంలో నీలు సీసాలోకి తోడి డాట్రేటు సదుతాదంట గదా! నాను రోజూ సగం సముద్రం తాగీసి ఒత్తన్నాను. నాకేటిత్తారు?”

“నీకు గులుకోజెక్కిత్తారు” అన్నాడు తండ్రి. అని నా వైపు తిరిగి, “సేపలకెల్లాల్సిన బోటండి ఇది. నీలకెల్తంది. ఎవులికి సెప్పుకోను?” అన్నాడు. ఆ గొంతులో విసుగు కంటే గర్వమే ఎక్కువగా వినిపించింది.

“నాన్నా, కబుర్లాపి సీసా నిలువుగా పట్టుకో. బుడగ ఉండకూడదు” అంది కూతురు.

రెండేళ్ల కిందట వియ్యంకులవారికి గుండె జబ్బు పట్టుకుంది. ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని వైద్యులు చెప్పారు. అప్పటినుంచి ఆయనకు ఒకటే కోరిక: ఆ అమ్మాయి పరీక్షకుల ముందు నిలబడి పట్టా పుచ్చుకోవడం కళ్లారా చూడాలి. గ్రంథం రాయడం పూర్తయింది. ఒక పరిశోధన సంస్థలో ఆమెకు ఉద్యోగం కూడా ఖాయమైంది. వేసవిలోగా పట్టా చూపించాలి. ఆయన సంతకం పెడితే సమర్పించడమే తరువాయి. సంతకానికి ముందు మరొకసారి చదువుతానని ఆయన గ్రంథాన్ని ఒళ్లో పెట్టుకున్నారు. రెండు రోజులు ఆ కుర్చీలోంచి లేవలేదు.

“గ్రాపు గీత మరీ నున్నగుంది బావగారూ” అన్నారు నాతో. “ఎండాకాలం, వానాకాలం తేడాలు తీసీసేక మిగిలిన గీత సూడండి. తాడు లాగినట్టుంది. సముద్రానికి ఇంత నునుపు నేదు. ఇది సీసా నునుపు.”

ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం ఆయన పిలిపించగా శిష్యురాలు వచ్చింది. నేను లేచి వెళ్లబోతే ఆయన చేయి పట్టి కూర్చోబెట్టారు.

“అమ్మా, మన రంగు పెద్ద సీసా ఉంది గదా. దాని మూత ఎన్నిమాట్లు తీసుంతావు?”

“లెక్కెట్టలేదు సార్. బోటెక్కినపుడల్లా తీత్తాం గదా.”

“తీసినపుడల్లా గాలి ఎల్తాది. గాలెల్తే రంగు పులుస్తాది…”

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఆరంభంలో వారు ఒకే పెద్ద సీసా నిండా రంగు కలిపి పెట్టుకున్నారు. అన్నేళ్లూ ఒకే రంగు వాడితే కొలతలన్నీ ఒకే తూకంలో ఉంటాయని ఆ జాగ్రత్త. ఊగే పడవ మీద ప్రతి సీసాకూ రెండు బొట్లు వేస్తూ కూర్చోవడం కష్టమని, రెండవ బొట్టు లెక్కను ఒడ్డున మొదట్లోనే చేసి, ఆయన ఒక పట్టిక రాసిచ్చారు. ఆ తరువాత ఒక్క బొట్టు వేసి, పట్టిక చూసి దిద్దుకుంటే సరిపోతుందన్నారు. ఏళ్లు గడిచిన కొద్దీ రంగు తానే పులుస్తూ వచ్చింది. పట్టిక మాత్రం మొదటినాటి రంగుదే. జాగ్రత్తలోంచే తప్పు పుట్టింది.

“అంటే మనం కొలిసింది సముద్రాన్నా సార్, సీసానా?”

“రెండూను. కలిపి కొలిసేం.”



“తేడా ఎంతుంతాది సార్?”

“తెలీదు. కొంచెమే కావొచ్చు.”

“పరీక్షకులు పట్టుకుంతారా?”

“పట్టుకోరమ్మా.”

“మరైతే ముందు సబ్మిట్ సేసీసి, తరవాత సూసుకుందాం సార్. ఇప్పుడు మళ్ళీ మొదలెడితే ఒక సీజనంతా బోటు మీదే. ఆ ఉద్యోగం ఉండదు. మా నాన్నకేటి సెప్పను? మీరు…” అని ఆగిపోయింది. చాలా చిన్న గొంతుతో, “అప్పటిదాకా మీరుంతారా సార్?” అంది.

“ఉండకపోవచ్చు” అన్నారాయన. “ఆ పట్టిక నానిచ్చేను. ఒక్క బొట్టు సాలని నాను సెప్పేను. ఊరందర్నీ రెండోపాలి అడిగినోణ్ణి, సముద్రాన్ని మాత్రం ఒక్కపాలే అడగమన్నాను. తప్పు నాది. సంతకం కావాలంటే ఇదిగో కలం, ఇప్పుడే ఎట్టీగలను. ఎట్టీమంటావా?”

“ఇప్పుడా సార్, ఇవన్నీ సెప్పడం!” అని ఆమె సంచీ భుజాన వేసుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మెట్లు దిగిపోయింది. ఆయన పిలవలేదు.

నాకు కష్టంగా తోచింది. “బావగారూ, కాస్త మెత్తగా చెప్పవలసింది” అన్నాను.

“మెత్తగా సెప్తే నా మొకం సూసి ఒప్పుకుంతాది. అప్పుడా నిర్నయం దానిది కాదు. నా పులుపు.”

“మరి రెండవసారి ఎప్పుడు అడుగుతారు?”

“అడగను. ఈపాలి అదే అడగాల.”

ఆ తరువాతి రోజులలో ఆయన వీధి తలుపు వైపు కుర్చీ తిప్పించుకుని కూర్చున్నారు. అడగకుండా ఉండడం ఆయనకు ఎంత కష్టమో నేను చూశాను. ఫోను చేతిలోకి తీసుకునేవారు, మళ్లీ బల్ల మీద పెట్టేసేవారు. ఒక మధ్యాహ్నం మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. ముందు తండ్రి, తల మీద చేపల ఐసు పెట్టెతో, వెనుక కూతురు.

“కడిగేనండి” అన్నాడు తండ్రి, పెట్టె దించుతూ. “ఐనా వాసనొత్తాది. ఏటీ అనుకోకండి.”

పెట్టె నిండా కొత్త నీటి సీసాలు. ఆ అమ్మాయి కూర్చోలేదు. “పాత రంగుతో రెండు బొట్లు సార్, కొత్త రంగుతో రెండు బొట్లు. ప్రతి సీసాకీని. సీజనంతా. మొదలెట్టీసేను” అంది.

“ఉద్యోగమో?”

“ఫోన్ సేసేను. ఉంచితే ఉంచుతారు, నేకపోతే నేదు.”

“కోపం పోయిందా?”

“నేదు సార్. కోపంతోనే ఎల్తన్నాను బోటు మీద.”

ఆయన తల వంచుకుని చాలాసేపు నవ్వారు. తల ఎత్తినప్పుడు కళ్లు తడిగా ఉన్నాయి.

ఆ వేట కాలమంతా ఆయన కిటికీ దగ్గరే ఉన్నారు. ఆమె పడవ మీదనుంచి ఫోను చేసి, గాలి హోరులో అరుస్తూ అంకెలు చెప్పేది. చేయి వణకడం మొదలైన తరువాత ఆయన నోటితో చెబుతుంటే నేను రాసిపెట్టేవాణ్ణి. పాత రంగు ఏ తీరున పులిసిందో కనిపెట్టి, ఆ తీరు వెంట ఏడాది వెనక ఏడాదిగా నడిచి, ఒక్కొక్క పాత కొలతలోంచి సీసా పులుపును వేరుచేసి తీసివేయాలి. అలసినప్పుడు ఆయన కళ్లు మూసుకుని, “పద్యం సదవండి బావగారూ” అనేవారు. ఏ పద్యమో నాకు తెలుసు.

అప్పటికి నాకు ఆ పద్యం చదవాలంటే సిగ్గుగా ఉండేది. ఒకనాడు దానిని దిద్ది తెచ్చాను; గుణం మారదన్న చోట మారుతున్నదని ఛందస్సు చెడకుండా అమర్చాను. విని ఆయన తల అడ్డంగా ఊపారు.

“ఒద్దు బావగారూ. పాతదే ఉంచండి.”

“అది అబద్ధమని మీరే అన్నారు కదా.”

“నాను అలాగన్నానేటి? పెద్దల కాలానికి నిజిమన్నాను. మీ పద్యంలోది బొట్టెయ్యని నీరు. దాని కోసమే గదా నాను ఇన్నేళ్ళు ఎనక్కి నడుస్తన్నది. దాన్ని కూడా మార్సీస్తే నాను ఎక్కడికెల్లాల?”

నేను ఆ కాగితం చింపివేసి పాత పద్యమే చదివాను. “తరగదు” దగ్గర ఆయన పెదవులు నాతోబాటు కదిలాయి.

వేసవిలో చేపలవేటను నిషేధించే రోజులు మొదలయ్యే ముందు లెక్క తేలింది. ఆ పూట శిష్యురాలు ఒక్కొక్క మెట్టూ నిదానంగా ఎక్కి వచ్చి, ల్యాప్‌టాప్ ఆయన ఒళ్లో పెట్టి, నేల మీద కూర్చుంది. తెర మీద పాత గీత, దాని కింద కొత్త గీత. కొత్తది గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంది. పైకి పాకుతున్నది కానీ, పాతదానంత జోరు లేదు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

“అమ్మా! తక్కువే పులుస్తంది!” అన్నారు. మనవరాలు పుట్టిన కబురు విన్ననాడు కూడా ఆ గొంతు అంతగా వణకలేదు. “మనం అనుకున్నంత జబ్బు నేదు దానికి!”

“జబ్బు నేదని కాదు సార్. ఉంది. కానీ ఇంకా టైముంది.”

“టైముంది” అన్నారాయన, కిటికీలోంచి ఓడల వైపు చూస్తూ. “దానికి టైముంది బావగారూ.”

తన తప్పు బయటపడినందుకు ఇంతగా ఆనందించిన మరొక మనిషిని నేను చూడలేదు. తనకు ఇక లేనిది సముద్రానికి మిగిలి ఉందని తెలిసి పొందిన ఆనందమది. ఆ వారమే, లోగడ అచ్చయిన తన వ్యాసంలోని పొరపాటును తెలియజేస్తూ పత్రికకు సవరణ పంపారు. సిద్ధాంతగ్రంథంలో ఆ అమ్మాయి “పట్టికలో కొంత లోపం దొర్లినది” అని రాస్తే, “ఎవులు దొర్లించేరమ్మా? పేరు రాయి” అని తన పేరు రాయించారు. ఆ తరువాతే సంతకం పెట్టారు.

గ్రంథాన్ని సమర్పించారు. పరీక్షకుల తేదీ మాత్రం ఆయనకు అందలేదు. చివరి ఆదివారం నేను వెళ్లినప్పుడు “ఎలా ఉన్నారు బావగారూ?” అన్నాను. “బాగున్నాను” అన్నారు. మనవరాలి చదువు గురించి కాసేపు మాట్లాడి, ఆయన దగ్గర నేర్చుకున్నదే కనుక, మళ్లీ అడిగాను. నా ఎత్తు కనిపెట్టి చిరునవ్వు నవ్వారు. “నిజింగా బాగున్నాను” అన్నారు. ఆ రెండు జవాబులకూ నడుమ తేడా ఎంత వెతికినా నాకు దొరకలేదు. అదే నా ఊరట.

పోయిన వారం మౌఖిక పరీక్ష జరిగింది. మా చెల్లెమ్మగారిని వెంటబెట్టుకుని నేనూ వెనుక వరుసలో కూర్చున్నాను. ఇంతటి మూలమైన తప్పు ఎవరిదని ఒక పరీక్షకుడు అడిగారు. ఆ అమ్మాయి తడుముకోలేదు. “మా సార్‌ది. పట్టుకున్నదీ ఆయనే సార్” అంది. పట్టా వచ్చింది. ఉద్యోగం మాత్రం ఆమె కోసం ఆగలేదు, ఆ చోటు మరొకరికి ఇచ్చేశారు. ఆమె ఇంకొక చోట ప్రయత్నిస్తోంది. ఆ సంగతి ఆమె తండ్రి దగ్గర కదిపితే, “మరేటి సేత్తాం” అని ఊరుకున్నాడు. కానీ నెలనెలా ఆ పడవ అదే చోటికి నీటికి వెళ్తూనే ఉంది.

నిన్న మాసికం ముగిసిన తరువాత అల్లుడు ఆ పళ్లెంలోని తిలోదకాన్ని సముద్రంలో కలపడానికి బయలుదేరితే మేమంతా వెంట వెళ్లాం. శిష్యురాలూ ఆమె తండ్రీ అప్పటికే ఒడ్డున ఉన్నారు. నీరు కలిపిన చోటికి ఆ అమ్మాయి మోకాళ్ల దాకా దిగి, చిన్న గాజు పెట్టెను నింపింది. సంచీలోంచి రంగు తీసి ఒక బొట్టు వేసింది. నేరేడు ఛాయ పొగలా కిందికి దిగి, విచ్చుకుని, నీరంతా పరుచుకుంది. దానిని ఎండకు ఎత్తి పట్టుకుంది. ఆ గాజులోంచి దూరాన ఓడలు ఊదాగా కనిపించాయి.

“ఏటమ్మా, సెప్పిందా?” అన్నాడు తండ్రి.

“ఆగు నాన్నా” అంది, కళ్లు తిప్పకుండా. “ఇంకోపాలి అడగాల.”

ఆమె వేళ్ల మధ్య రెండవ బొట్టు రాలకుండా వేలాడుతూ ఉండగా, ఈ ముసలివాడి నోట ఆశీస్సు తనంతట తానే పలికింది. ఈ ఒడ్డున నిలబడి నీటిని ప్రశ్నించబోయే బిడ్డలందరికీ తమ ప్రశ్నలోని పులుపును తెలుసుకునే ఓర్పు కలుగుగాక. తమ తప్పు తేలిన నాడు పొంగిపోగల మనసు వారికి అబ్బుగాక. వెనక్కి నడిచి నడిచి అలసిన ఒక పూట, ఎవరూ అడగక ముందరి సముద్రం వారి కళ్లకు కనబడుగాక.